ముఖం కడిగితే చాలు

ఎలివేషన్ అన్న మాటకు ఇంజనీర్ల భాషలో అర్థం చాలా సాదా. ఇంటికి ఎదురుగా నిలబడితే కనిపించేదాన్ని కొలతలతో కాగితం మీద గీస్తే అది ఎలివేషన్. ఆ లెక్కన పూరిపాకకూ ఎలివేషన్ ఉంది, గొడ్లచావిడికీ ఉంది. మన ఊళ్లలో మాత్రం అది కొనుక్కొచ్చి తగిలించే వస్తువైపోయింది. "మీ ఇంటికి ఇంకా ఎలివేషన్ చేయించలేదా?" అని అడుగుతున్నారు, కంట్లో శుక్లాలు తీయించుకోలేదా అన్నంత జాలిగా.

చేయించడమంటే ఏమిటో చెబుతాను. చూరు కోసేస్తారు. అరుగులు పగలగొడతారు. సున్నపు గోడ మీద సిమెంటు కొట్టి, దాని మీద గ్రానైటో విట్రిఫైడ్ టైల్సో అంటిస్తారు. పైన ఇనుప చట్రం బిగించి ఏసీపీ షీట్లు, మధ్యలో నీలం అద్దం, అంచుల్లో ఎల్‌ఈడీ పట్టీలు పెడతారు. ముందు నిలువెత్తు ప్రహరీ కట్టి, దానికి నెమళ్ల బొమ్మలు కోసిన ఇనుప గేటు తగిలిస్తారు. తణుకులో చూసినా, జగిత్యాలలో చూసినా, నంద్యాలలో చూసినా ఇదే ముఖం. వానలు దంచే ఊరికీ, ఎండలు మాడ్చే ఊరికీ తేడా లేదు.

పని మొదలవడానికి ముందు ఫోనుకు ఒక త్రీడీ బొమ్మ వస్తుంది. అందులో ఆకాశం నీలంగా ఉంటుంది. వాకిట్లో మనం ఎన్నడూ కొనలేని కారు ఉంటుంది. పక్కన ఏ ఊరిదో తెలియని చెట్టు ఉంటుంది. కరెంటు స్తంభం, కేబుల్ వైర్ల చిక్కు, మురుగుకాలువ, పడమటి ఎండ మాత్రం ఉండవు. ఆ బొమ్మ డాలస్‌లో ఉన్న అబ్బాయికి వెళ్తుంది. అక్కడి నుంచి బొటనవేలి బొమ్మ వస్తుంది. ఇక్కడ గునపం దిగుతుంది.

మా పెద్దనాన్నగారి ఇంటికి ఇలాగే దిగింది. తణుకు దగ్గర పల్లెటూరు వాళ్లది. అడుగున్నర మందం ఇటుక గోడలు, సున్నం గార, మంగుళూరు పెంకు, వీధివైపు రెండు అరుగులు. వాటి పైన గార అంకెలతో 1938 అని ఇల్లు కట్టిన సంవత్సరం. "ఫ్రంటు ఎలివేషన్ కొట్టించేస్తే ఇల్లు ముప్పయ్యేళ్లు చిన్నదైపోద్దండి బాబుగారూ" అన్నాడు కాంట్రాక్టరు. మూడు వానాకాలాలు తిరిగేసరికి ఏమైందో తర్వాత చెబుతాను. ముందు అవతలివాళ్ల మాట పూర్తిగా వినాలి. పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతానికి దిగకూడదని మన పెద్దలు పెట్టిన పద్ధతి.

పూర్వపక్షం ఇది. పాత ముఖంతో ఉన్న ఇల్లు వీధిలో పరువు తక్కువ, అమ్మకంలో ధర తక్కువ. సున్నపు గోడ రాలిపోతుంది, టైలు వేస్తే దానికి కవచం. ఏటా సంక్రాంతికి వెల్ల వేయించే ఓపికా లేదు, వేసే మనుషులూ లేరు. షీటు ఒకసారి బిగిస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదు. దొంగలు, దుమ్ము, కోతులు, కారు నిలిపే చోటు, ఇవేవీ తాతలనాటి ఇంటికి తెలియవు. చివరిది గొంతు పెంచి మరీ అంటారు: పాత ఇళ్లను పొగిడేవాళ్లంతా ఫ్లాట్లలో ఏసీ కింద పడుకునేవాళ్లే. ఈ మాటల్లో అసలు నిజం లేదనను. పాత ఇంటికి జబ్బులున్నాయి. ముఖం మీద గుడ్డ కప్పితే జబ్బు పోదంటాను. ఇంటి ముఖం ఎండకూ వానకూ వీధికీ జవాబు చెప్పే పనిముట్టు. పనిముట్టు మొద్దుబారితే సాన పడతాం గానీ దానికి జరీ గుడ్డ చుట్టం.

మొదట కవచం సంగతి చూద్దాం. ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి పునాది మీద చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల్లోకి ఎక్కుతూనే ఉంటుంది. డెల్టా ఊళ్లలో వానాకాలం వచ్చిందంటే మరీను. కట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసు. తెలిసే గోడకు సున్నం పూశారు. వారాల తరబడి నానబెట్టిన సున్నం, ఇసుక కలిపి గానుగలో తిప్పి, కొన్నిచోట్ల కరక్కాయ నీళ్లూ బెల్లమూ చేర్చి పూసిన ఆ గారలో కంటికి కనపడని సందులుంటాయి. గోడలోకి ఎక్కిన తడి వాటిలోంచి ఆవిరై బయటికి పోతుంది. ఇటుక కంటే సున్నం మెత్తన, కాబట్టి ఇల్లు కాస్త కదిలినా సర్దుకుంటుంది. అరిగేది గార, మిగిలేది గోడ. అరిగినచోట మళ్లీ పూసుకోవడమే దాని ఒప్పందం.

ఆ గోడకే సిమెంటు పూసి టైలు అంటిస్తే జరిగేది వేరు. విట్రిఫైడ్ టైలు నూటికి అర పాలు నీరు కూడా పీల్చదు. అదేదో గొప్ప గుణంలా చెప్పి అమ్ముతారు, బాత్రూముకు అది గొప్ప గుణమే. పాత గోడలో తడి ఎక్కడం ఆగదు, పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. అది పైకి ఎగబాకుతుంది, లోపలివైపు తిరుగుతుంది. తడితోపాటు వచ్చిన ఉప్పు ఇటుకలో గడ్డకట్టి, ఇటుకను పొడి పొడి చేస్తుంది. గట్టి సిమెంటు మెత్తని ఇటుకతో కలిసి కదలలేక బీటలిస్తుంది. ఆ బీటలోంచి వాన నీరు లోపలికి దిగుతుంది, మళ్లీ బయటికి రాలేదు. వీధివైపు టైలు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెతను మనవాళ్లు ఇలాంటి గోడను చూడకుండానే ఎలా అనగలిగారో.

మూడో వానాకాలానికి పెద్దనాన్నగారి దేవుడిగది గోడ నడుమెత్తున ఉబ్బింది. పెద్దమ్మ రోజూ పొద్దున్నే దేవుడి ముందు రాలిన పూలతోపాటు గోడ పొట్టునూ ఊడ్చేది. కాంట్రాక్టరును పిలిపించి అడిగితే "పాత గోడ కదండీ మరి" అన్నాడు. ఎనభై ఏళ్లలో రాని ముసలితనం మూడేళ్లలో వచ్చిందన్నమాట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇదేదో ఒక పల్లెటూరి మేస్త్రి పొరపాటని తేల్చేయకండి. గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ పునరుద్ధరణ మొదలుపెట్టింది. అక్కడ జరిగిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతు పేరిట పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం పూయడం. సుల్తానుల గుమ్మటాల మీద వేసి, మళ్లీ కష్టపడి తీయాల్సి వచ్చినదాన్ని మనం డబ్బు పోసి పెంకుటింటి మీద వేయించుకుంటున్నాం.

"మాది సున్నపు ఇల్లు కాదండీ, డాబా" అనేవాళ్లున్నారు. నిజమే. ఇప్పుడు పాత ఇల్లంటే పెంకుటిల్లే కానక్కర్లేదు. 1970ల్లో, 80ల్లో ఉద్యోగస్తులు లోన్లు పెట్టి కాలనీల్లో కట్టుకున్న డాబాలూ పాతబడ్డాయి. సన్నని సన్‌షేడ్లు, సిమెంటు జాలీలు, మొజాయిక్ గచ్చు, పిట్టగోడ. వీటి జబ్బు వేరు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి సున్నం రాయిలా గట్టిపడుతుంది. అదే వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి చొరబడితే లోపలి ఇనుప చువ్వలకు ఉన్న రక్షణ పోతుంది. విశాఖ, కాకినాడ లాంటిచోట్ల సముద్రపు ఉప్పుగాలి ఆ పనిని ఇంకా తొందరగా చేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ముందున్నదానికి రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి పెచ్చు లేస్తుంది.

సన్‌షేడు అడుగున చువ్వ వెంబడి గోధుమరంగు గీత కనిపించిందంటే ఇల్లు మనకు కబురు పంపిందన్నమాట. ఆ పెచ్చు కొట్టి, తుప్పు గీకి, చువ్వకు పూత వేసి, మళ్లీ మంచి మాలుతో కప్పితే సన్‌షేడు ఇంకా చాలా ఏళ్లు నిలుస్తుంది. ఎలివేషన్ చేసేదల్లా ఆ గీత మీద షీటు కప్పడం. పైగా షీటు చట్రం బిగించడానికి అదే నీరసపడిన సన్‌షేడుకు డ్రిల్లుతో బెజ్జాలు పెడతారు. లోపల పెచ్చు ఊడి షీటు మీద పడి చప్పుడైనప్పుడు ఎలుకలనుకుంటాం.

ఇక చూసుకోనక్కర్లేదన్న మాట. షీట్ల మధ్య సందుల్లో పెట్టే సిలికాన్ ఎండకు గట్టిపడి పగులుతుంది. ఆ సందులోంచి వాన లోపలికి వెళ్తుంది, షీటు వెనక పావురాలు కాపురం పెడతాయి. అద్దం మీద మన దుమ్ము వారంలో పేరుకుంటుంది, తుడవడానికి నిచ్చెన వేసేవాడు దొరకడు. ఎల్‌ఈడీ పట్టీలో ఒక ముక్క ఆరిపోతే ఇల్లు పన్ను ఊడిన నోరులా ఉంటుంది. వెల్ల ఎక్కడైనా చెడితే ఒక బొచ్చెడు సున్నంతో బాగుపడుతుంది. షీటు చెడితే ఆ రంగు కంపెనీలో ఆపేసి ఉంటారు. నిర్వహణ ఖర్చు పోలేదు. చిన్న చిన్న ఖర్చులుగా ఏటా పోయేది, ఒక్కసారిగా పెద్ద ఖర్చై మీద పడేదిగా మారింది.

షీటు గురించి ఇంకో మాట. చవకరకం ఏసీపీ అంటే రెండు పల్చని అల్యూమినియం రేకుల నడుమ పాలిథిలిన్ ప్లాస్టిక్. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఇరవై నాలుగు అంతస్తుల పాత భవనానికి కొత్త ముఖం తొడిగారు. 2017 జూన్ 14న అక్కడ మంటలు లేచినప్పుడు ఆ ముఖమే మంటను పై అంతస్తులకు మోసుకెళ్లింది. 72 మంది చనిపోయారు. రెండంతస్తుల మన ఇంటికి అంత ప్రమాదం ఉండదని ఒప్పుకుంటాను, వీధిలోకి పరిగెత్తి బయటపడొచ్చు. కానీ మీటరు బోర్డు పక్కనే, ఎల్‌ఈడీ వైర్ల మీదనే ఆ షీట్లు బిగించేటప్పుడు వాటి లోపల ఏముందో ఎంతమంది అడుగుతున్నారు?

ఎండ సంగతీ చెప్పాలి. పాత ముఖంలో అన్నిటికంటే విలువైనది చూరు, అన్నిటికంటే ముందు కోసేదీ చూరే. ముందుకు పొడుచుకొచ్చిన ఆ రెండు మూడడుగుల కప్పు, వానను గోడకు తగలనీయదు, మిట్టమధ్యాహ్నపు ఎండను కిటికీలోకి రానీయదు. దాన్ని కోసి, గోడను బల్లపరుపు చేసి, పడమటివైపు అద్దం బిగించి, ముదురు బూడిదరంగు వేసి, లోపల రెండో ఏసీ పెట్టించుకుంటున్నాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, ఇంటి కప్పులు ఎండను తిప్పికొట్టేలా ఉండాలంది. తెల్లని వెల్ల గోడలకు ఆ పని ఎప్పటి నుంచో చేస్తోంది. పాలసీ పైనున్న కప్పుకు చెప్పిందానికి కింద గోడ మీద సరిగ్గా ఎదురు చేస్తున్నాం.

ధర పెరుగుతుందన్నది తర్వాతి వాదన. దీన్ని నమ్మేవాళ్లు ఒక్కసారి రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర కూర్చోండి. పాత ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే బేరం ఎన్ని గజాలు, ఎంత రోడ్డు, ఏ ముఖం అన్నదాని మీదే నడుస్తుంది. ముఖమంటే తూర్పా ఉత్తరమా అని, టైలు ఏ కంపెనీదని కాదు. కొన్నవాళ్లలో చాలామంది పడగొట్టి కట్టుకోవడానికే కొంటారు. జేసీబీ డ్రైవరుకు ఎలివేషన్ ఉన్న గోడా ఒకటే, లేని గోడా ఒకటే. అమ్మకుండా ఉండేవాళ్లకేమో ధరతో పనే లేదు. మరి ఆ డబ్బు ఎవరికి తిరిగొచ్చినట్టు?

పరువు మాట మాత్రం నిజంగా మనుషుల్ని కుట్టేది. పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు గుమ్మంలోనే ఇంటిని తూచేస్తారన్న భయం ఉత్తదేమీ కాదు. అయితే వాళ్లు చూసేదేమిటి? పెచ్చులూడిన గోడ, వేలాడే వైర్లు, తుప్పు గేటు, నీళ్లు నిలిచిన వాకిలి. ఇవి పాతదనానికి గుర్తులు కావు, పట్టించుకోకపోవడానికి గుర్తులు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు గానీ ఎలివేషన్‌ను చూసి ఇల్లాలిని చూడమనలేదు. కడిగిన గడప, పసుపు, కుంకుమ, ముందు ముగ్గు ఉన్న మట్టింటిని చూసి మనలో ఎవరైనా చిన్నచూపు చూశారా?

ఇప్పుడు నా మీద వేసే నింద. పాత ఇళ్ల మీద మమకారంతో కళ్లు మూసుకుపోయాయని. ఒక సంగతి గుర్తు చేస్తాను. మనం సంప్రదాయం అనుకునే మంగుళూరు పెంకు అనాదిగా ఉన్నదేం కాదు. 1860ల్లో బాసెల్ మిషన్ వాళ్లు మంగుళూరులో యంత్రాలతో చేయించడం మొదలుపెట్టిన కొత్త సరుకు అది. మన తాతలు గూనపెంకు దించి దాన్ని ఎక్కించారు. ఫ్యాషనని ఒక్కటే కాదు. ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటుంది, కప్పు బరువు తగ్గుతుంది, కోతి తొక్కినా అంత తేలిగ్గా జారదు. కొత్తది పాతదానికంటే పని బాగా చేస్తే తీసుకోవాల్సిందే. నేను తూచమంటున్నది ఆ తక్కెడలోనే. ఆ తక్కెడలో గోడకు అంటించిన ఫైబర్ రోమన్ స్తంభాలూ తేలిపోతాయి, చెట్టినాడు స్టైలంటూ అపార్టుమెంటు గుమ్మానికి అతికించే ఉత్తుత్తి చెక్క దూలాలూ తేలిపోతాయి.

అరుగు గురించి కన్నీళ్లు పెట్టుకునే వ్యాసాలు చాలా వచ్చాయి, ఇంకొకటి రాయను. అరుగు అందరిదీ కాదు. ఊళ్లో సగం మందికి ఆ అరుగెక్కే హక్కే లేని రోజులున్నాయి. మిట్టమధ్యాహ్నం కూలికి వచ్చినవాడు అరుగు కింద మట్టిలో కూర్చునేవాడు. ఇంటి ఆడవాళ్లు కిటికీ ఊచల వెనక నుంచి వీధిని చూసేవాళ్లు. ఆ అరుగు అలాగే రావాలని నేను కోరను. కానీ దాన్ని పగలగొట్టి మనం కట్టిందేమిటి? నిలువెత్తు ప్రహరీ. అప్పుడు కొందరు ఎక్కకూడని అరుగు, ఇప్పుడు ఎవరూ తొంగిచూడలేని గోడ. దీన్ని ముందడుగు అనడానికి నాకు నోరు రాదు. అరుగును ఉంచి, కొరియర్ కుర్రాడు, చెత్తబండి ఆమె, బడి బస్సు కోసం చూసే పిల్లలు కూర్చునేలా చేస్తే అది తన పాత పాపాన్ని కొంతైనా కడుక్కుంటుంది.

ఎత్తు ప్రహరీ దొంగల కోసమే అంటారు. గోడ దూకేదాకానే దొంగకు భయం. దూకాక ఆ గోడే వాడికి చాటు. నడుమెత్తు గోడ, పైన ఊచల కంచె, వాకిట్లో దీపం, ఎదురింటివాళ్లకు కనపడే గుమ్మం ఉంటే వాడికి అంత తీరిక దొరకదు. కోతులకు కిటికీ జాలీ చాలు. కారు నిజమైన సమస్యే. ఒక అరుగు తీసేసి కారుకు చోటు చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. రెండో అరుగూ, చూరూ, గోడా దానితోపాటు ఎందుకు పోవాలన్నదే నా ప్రశ్న. కారు కోసమని గ్రానైటు ర్యాంపును రోడ్డు మధ్యదాకా దింపడం మాత్రం వీధిని దోచుకోవడమే. మన వాకిలి మెరుపు కోసం పక్కింటి నీళ్ల దారి మూస్తున్నాం.

వీధి మాట వచ్చింది కాబట్టి అసలు దోషిని పేరు పెట్టి పిలుస్తాను. మన పాత ఇళ్లు కురచగా, కుంగినట్టు, దిగులుగా కనపడడానికి సగం కారణం ఇంట్లో లేదు, రోడ్డులో ఉంది. రోడ్డు మళ్లీ వేసేటప్పుడు పాత పొర గీకి తీసి కొత్తది వేయాలి. మనవాళ్లు పొర మీద పొర పోసుకుంటూ పోతారు. పదేళ్లకోసారి అంగుళాల చొప్పున వీధి పెరుగుతుంది. మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తాం. వానొస్తే వీధి నీళ్లన్నీ మనింటికే చుట్టాలు. కొందరు జాకీలు పెట్టి ఇంటినే పైకెత్తిస్తున్నారు. ఇల్లు పాతబడిందని అద్దం బిగించేకంటే, పాత పొర గీకకుండా కొత్తది పోయవద్దని వీధివాళ్లంతా కలిసి వార్డు ఆఫీసులో ఒక అర్జీ పెట్టడం చవక. దానికి మేస్త్రి దొరకడు, మనమే వెళ్లాలి.

మరి ఏం చేయమంటావని అడుగుతారు. వరస తప్పకుండా చేయమంటాను. మొదట నీళ్లు: పగిలిన పెంకు మార్చడం, చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా దారి మళ్లించడం, వాకిలి వాలు సరిచేయడం. రెండోది తీసేయడం: పనిచేయని డిష్షులు, చచ్చిన కేబుల్ వైర్లు, గత ఎన్నికల ఫ్లెక్సీ మేకులు, అరుగు మీద పేరుకున్న సామాను. మూడోది బాగుచేయడం: గోడ ఏ రకమో ఆ రకం మందు, సున్నానికి సున్నం, కాంక్రీటుకు తుప్పు వైద్యం. టేకు తలుపు మీద తరాలుగా పోసిన ఎనామిల్ గీకి అవిసె నూనె రుద్దితే, ఏ షోరూములోనూ దొరకని తలుపు బయటపడుతుంది. చివరికి రంగు, ఒక దీపం, చదవగలిగే ఇంటి నంబరు, ఒక చెట్టు. ఈ నాలుగూ చివరనే ఎందుకంటే, మొదటి మూడూ చేశాక చాలాసార్లు ఇంకేమీ చేయబుద్ధి కాదు.

సున్నం పని తెలిసిన మేస్త్రులు దొరకరన్నది నిజమైన చిక్కు. మనం అడగడం మానేశాం కాబట్టే దొరకడం లేదు. ఆ సున్నం పనే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఏళ్లపాటు చేసిన చేతులు ఈ నేల మీద ఉన్నాయి. ఇళ్లవాళ్లు పని ఇస్తే ఆ విద్య గుమ్మటాలు దిగి వీధుల్లోకి వస్తుంది.

తీసేయడంలో ఉన్న అందం చూడాలంటే హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లండి. 1935 నాటి ఆ గ్రానైటు కట్టడాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. రాతిని కడిగారు, అడ్డదిడ్డంగా చేరినవాటిని తీసేశారు. జనం కొత్తగా కట్టారా అన్నట్టు చూశారు. పత్తర్‌గట్టిలో ఇంకో పాఠం ఉంది. 1908 మూసీ వరదల తర్వాత 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అక్కడ రోడ్డుకు ఇరువైపులా ఒకే వరసలో రాతి కమానులు కట్టించింది. ఒక్కో దుకాణం తన ముఖం గురించి కొట్లాడలేదు, వీధికి ఒక ముఖం ఇచ్చారు. యానాం ఏ ప్రభుత్వం కిందుందో ఆ పుదుచ్చేరిలో, వైశ్యాల్ వీధి ఇళ్ల ముఖాలను అరుగులతో సహా బాగుచేస్తే, ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ అవార్డుల్లో గుర్తింపు వచ్చింది. అక్కడ ఉన్నవి రాజుల కోటలు కావు, మనుషులు కాపురముండే ఇళ్లు.

చట్టం వచ్చి కాపాడుతుందని నేను చెప్పను. హైదరాబాద్‌లో పాత కట్టడాల రక్షణకు 1995లో తెచ్చిన నిబంధనను 2015లో ఎత్తేశారు. 2017లో వారసత్వ చట్టం వచ్చినా మామూలు ఇంటి చూరుకూ అరుగుకూ అది గొడుగు పట్టదు. ఇంటి ముఖం ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంది. అందుకే ఈ గొడవంతా ఇంటివాళ్లతో పెట్టుకున్నాను.

పోయిన వేసవిలో పెద్దనాన్నగారు టైలు ఒలిపించారు. నేను వెళ్లేసరికి గోడ దెబ్బలు తిన్న ఒంటిలా ఉంది. వెంటనే పూయకూడదని, ఎండాకాలం పొడుగునా ఆరనివ్వాలని ముసలి మేస్త్రి పట్టుబట్టాడట. వీధివాళ్లు వచ్చి పరామర్శించి వెళ్తున్నారు. షీట్లు విప్పినప్పుడు వాటి వెనక నుంచి 1938 బయటికొచ్చింది, తొమ్మిది అంకె నడుమ బోల్టు దిగిన బెజ్జంతో. నాకు అది గాయంలా కనిపించింది. గుర్తుగా ఉంచేస్తే బాగుంటుందేమో అన్నాను. పెద్దనాన్నగారు నావైపు చూడను కూడా లేదు.

"పూడ్చెయ్యి మేస్త్రీ. అందులోంచి నీళ్లు దిగుతాయి."